సింధూరం అంటిన చేతులు

“సింధూరం గిన్నె యాడ పెట్నావు మే?”

నంజమ్మ ఈ మాట పొద్దున్నించి అడుగుతూనే ఉంది. కోడలు మునిలక్ష్మి పొద్దున్నించి వినపడనట్టే ఉంది. ఒడిలో పిల్లవాడిని పడుకోబెట్టుకుని, సామాను గది గడపకి అడ్డంగా కూర్చుని, వాడి కాళ్లు ఒత్తుతోంది. లోపలికి పోవాలంటే ఇద్దర్నీ దాటుకుని పోవాలి. పడుకున్న పిల్లల్ని దాటకూడదని ఈ ఇంట్లో అందరికీ నేర్పింది నంజమ్మే. ఇప్పుడు ఆ నేర్పిన నీతి ఆమె కాళ్లకే అడ్డం పడింది.

“నిన్నే అడిగేది. రేపు శనివారం. మీ మామ ఈ పొద్దే నూనెలో కలిపి పెట్టుకోవాల. గిన్నె లేకుండా దేంట్లో కలిపేది?”

“కలపొద్దత్తా.”

మాట మెల్లగానే అంది మునిలక్ష్మి. గట్టిగా అని ఉంటే నంజమ్మకు సులువుగా ఉండేది. గట్టి మాటకు గట్టి మాట అనడంలో ఆమెను మించినవాళ్లు పుంగనూరులో లేరు. మెత్తటి మాటకు ఏం అనాలో ఆమెకు అలవాటు లేదు.

“కలపొద్దా? ఇంకా నయం. సామికి సింధూరం పూయొద్దు, గుడికి తాళమేసుకోండి అను.”

“డాక్టరమ్మ చెప్పేటప్పుడు నువ్వూ ఉంటివి గదా. బిడ్డ పెదివి ఇట్ల పైకెత్తి, చిగుర్ల కాడ నీలంగా గీత మాదిరి ఉండేది నీకూ సూపించె. ఒంట్లో సీసం చేరుకోనుండాది అనె. ఇంగొక నెల ఇట్లే పెట్టుంటే బిడ్డ దక్కడు అనె.”

“ఆయమ్మది ఏ ఊరో, ఏ దేవుడో! మన సామి గురించి ఆయమ్మకేం తెలుసు?”

“సామి గురించి ఆయమ్మ ఒక్క మాటా అనలేదత్తా. సింధూరం గురించే అనె.”

 నంజమ్మ కళ్లు పిల్లవాడి మీదికి పోయాయి. ముత్యాలుకు మూడేళ్లు నిండలేదు. పోయిన ఆదివారం కడుపు పట్టుకుని మెలికలు తిరిగి, చివరికి కళ్లు తేలేసి, కాళ్లూ చేతులూ కొట్టుకుంటుంటే, కోడలు వాడిని భుజాన వేసుకుని మదనపల్లె బస్సు ఎక్కింది. కొడుకు మునిస్వామి కుప్పంలో రైలుపట్టాల మీద గ్యాంగు పని చేస్తాడు. వాడికి కబురు అందే లోపలే అత్తా మామా కోడలూ ఆసుపత్రి వరండాలో ఉన్నారు. సూదుల మీద సూదులు వేసి పిల్లవాడిని బతికించి, నిన్న సాయంత్రమే ఇంటికి పంపారు. ఇప్పుడు నిద్రపోతున్నాడు. ఎంత హాయిగా నిద్రపోతున్నాడో చూడలేక నంజమ్మ మొహం తిప్పుకుంది.

ఎందుకంటే వాడి నోట్లో సింధూరం పెట్టిన చెయ్యి ఆమెదే.

కొండ కింద హనుమంతరాయుడి గుడిలో ఇది వాళ్ల పెద్దల నాటి నుంచి వస్తున్న పద్ధతి. శనివారం శనివారం ఆమె భర్త, పూజారి రామచంద్రప్ప స్వామికి తల నుంచి పాదాల దాకా సింధూరం పూస్తాడు. వారమంతా స్వామి ఒంటి మీద ఉన్న ఆ పూతను మరుసటి శనివారం గీరి తీసి, వెన్నలో కలిపి, పెసరగింజంత ఉండలు చేసి పళ్లెంలో పెడుతుంది నంజమ్మ. దడుసుకున్న పిల్లలకీ, పాలు పట్టని పిల్లలకీ, కడుపునొప్పి పిల్లలకీ ఆ ఉండను నాలుక మీద పెడతారు. సోమల వైపు పల్లెల నుంచి కూడా తల్లులు బిడ్డల్ని ఎత్తుకుని వస్తారు. పూజారి మనవడికి శనివారం దాకా కాచుకునే కర్మమేముంది? రోజూ పొద్దున్నే ఒక ఉండ. కడుపునొప్పి అంటే రెండు. ఎంత పెడితే నొప్పి అంత ఎక్కువైంది. నొప్పి ఎక్కువయ్యే కొద్దీ ఉండ పెద్దదైంది. ముద్దు చెయ్యడానికి ఆమెకు ఇంతకన్నా మంచి దారి తెలియలేదు పాపం.

“రేపు పాపమ్మొస్తాది” అంది మునిలక్ష్మి, మామగారు కూర్చున్న తిన్నె వైపు చూస్తూ. “పోయిన శనివారం తన కూతురికీ కడుపునొప్పి అన్నింది. రేపు మళ్లా తీసకొస్తాది. ఆ బిడ్డకీ పెడ్తారా?”

తిన్నె మీద రామచంద్రప్ప మొహం వీధి వైపు తిప్పుకున్నాడు.

సోమల పక్క పల్లె పాపమ్మ పేరు ఎత్తగానే ఇంట్లో గాలి బరువెక్కింది. పాపమ్మ పెద్ద కొడుకు ఇట్లాగే కడుపునొప్పితో, ఇట్లాగే ఫిట్సుతో కిందటేడు చనిపోయాడు. వాడికీ నెలల తరబడి ఈ ఉండలే.

“ఆ పిల్లోడు పోతే మామ ఏమనె? తల్లి అంటుతో గుడి మెట్లెక్కింది, దాన్తో సింధూరం పన్జెయ్యలేదు అనె. ఆ ఒక్క మాటకి ఇంట్లోవాళ్లు ఆయమ్మని గొడ్లకొట్టంలో పెట్నారు. ఇప్పుటికీ ఆడనే పడుకుంటాది. కూడు ఆడికే తెచ్చి పెడ్తారు. నేను గుడికాడ సూస్తానే ఉండా గదా, ఆయమ్మ యాడ నిలబడతాదో.”

“నోరు మూసుకోమ్మే!” అంది నంజమ్మ.

ఈసారి గొంతు పెంచింది తనే. పిల్లవాడు ఉలిక్కిపడి లేచాడు. మునిలక్ష్మి వాడిని ఎత్తుకుని, సామాను గదిలోకి పోయి తలుపు వేసుకుంది. గిన్నె కూడా లోపలే ఉందని నంజమ్మకు తెలుసు.

రామచంద్రప్ప తన కుడిచేతిని ఎడమచేత్తో తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. రెండేళ్లుగా ఆ చెయ్యి మణికట్టు దగ్గర వాలిపోయింది. వేళ్లు పైకి లేవవు. హారతి పళ్లెం ఎడమచేత్తో తిప్పుతుంటే మొదట్లో జనం గుసగుసలు పోయారు. ఆ డాక్టరమ్మ పిల్లవాడిని చూస్తూ చూస్తూ ఈ చెయ్యి చూసింది. “ఏం పని చేస్తారు?” అని అడిగింది. ఆయన చెప్పాడు. ఆమె ఆ చేతి గోళ్లు కూడా తిప్పి చూసింది.

*

కోడలు గిన్నె దాచిపెడితే మాత్రం ఊళ్లో గిన్నెలు లేవా, సింధూరం లేదా? మధ్యాహ్నం అన్నం తిన్నాననిపించుకుని నంజమ్మ బజారుకు బయల్దేరింది. పంతానికి పోయిందని అనుకోవచ్చు. లోపల ఇంకొకటి కూడా ఉంది. ఎవరో ఒకరు “అదంతా అబద్ధం నంజమ్మా, సింధూరానికి ఏమైంది, బంగారం లాంటిది” అని అంటే వినాలని ఆమె ప్రాణం కొట్టుకుంటోంది.

అట్లా అనగలిగినవాడు గఫూర్ ఒక్కడే. పెళ్లయి ఈ ఊరికి వచ్చినప్పటి నుంచి గుడికి కర్పూరం, సాంబ్రాణి, సింధూరం గఫూర్ అంగడిలోనే. అతని నాయన అంగడి చూసే రోజుల నుంచీ అంతే.

నంజమ్మ పోయేసరికి అంగట్లో బేరం నడుస్తోంది. ఊళ్లో వీధి వీధికీ కొళాయిలు వేస్తున్న రోజులు. పైపుల పని చేసేవాడొకడు గల్లాపెట్టె ముందు నిలబడి ఉన్నాడు. గఫూర్ వెనక నుంచి డబ్బా తీసి, మూత తెరిచి, ఎర్రటి పొడి పొట్లం కడుతున్నాడు. నారింజపండు రంగు పొడి. ఆ రంగును నంజమ్మ చీకట్లో కూడా గుర్తుపడుతుంది.

“జనుపనార చుట్టినాక నూనెలో కలిపి పుయ్యి. నీళ్లు బొట్టు కారదు” అంటున్నాడు గఫూర్. “కానీ సూడు తమ్ముడూ, సేతులు సబ్బేసి కడుక్కోకుండా అన్నం ముట్టుకోవద్దు. బీడీ కూడా తాగొద్దు. మా నాయన కాలం నుంచి సెప్తాండాం మేము.”

పైపులవాడు తలాడించి పోయాడు.

“రా నంజమ్మా, రా. పిల్లోడు ఇంటికొచ్చినాడంట గదా. మా కూతురు రబియా సెప్పింది. అల్లా దయ” అంటూ గఫూర్ స్టూలు లాగాడు.

నంజమ్మ కూర్చోలేదు.

“ఏమన్నా, ఆయప్పకిచ్చింది ఏం పొడి?”

“సింధూరం.”

“మాకిచ్చేది?”

గఫూర్ డబ్బా మూత పెట్టబోతున్నవాడు ఆగిపోయాడు.

“అదే డబ్బానా?”

“అదేనమ్మా.” అతని గొంతు దిగిపోయింది. “వేరే యాడుంటాది?”

“ఆయప్పకి సేతులు కడుక్కోమని సెప్తివి గదా. మాకు యాల సెప్పలేదు?”

 గఫూర్ భుజం మీది తువ్వాలుతో గల్లాపెట్టె తుడిచాడు. తుడిచిన చోటే మళ్లీ తుడిచాడు.

“నేనెట్ల సెప్తానమ్మా? సాయిబుని. దేవుడికి వేసేదాన్ని గురించి సాయిబు నోరు తెరిస్తే ఊర్లో ఏమంటారు? మీ దేవుడి సింధూరం ఇసం అంటాడు వీడు అనరా? మా నాయన నాకు అంగడి అప్పజెప్పేటప్పుడు ఒక్క మాట సెప్పినాడు. గుడి బేరం వస్తే తూకం సరిగ్గా ఎయ్యి, నోరు తెరవద్దు అన్నాడు. అది మర్యాద అనుకుంటిని.”

“మేం పిల్లోళ్ల నోట్లో పెడ్తాము అని నీకు తెలుసా, తెలీదా?”

“తెలుసు.”

గఫూర్ డబ్బాకు మూత పెట్టి వెనక్కి నెట్టాడు.

“తెలుసు. కానీ సామి మీద పూసినాక అది సింధూరం కాదు గదా, ప్రసాదమయిపాయ గదా అనుకుంటిని. నిజంగా అట్లే అనుకుంటినమ్మా. మా పీర్ సాహెబ్ ఊదిస్తే నీళ్లు మందవతాయి. మీ సామిని తాకితే పొడి మందు కాదా? నీ మనవడికి బాగలేదని విన్నప్పుడు మాత్రం...” గఫూర్ కళ్లు తుడుచుకున్నాడు. “ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.”

అతని మీద విరుచుకుపడడానికి నంజమ్మకు దారి లేకపోయింది. స్వామిని తాకితే పొడి మందవుతుందని తనూ అనుకుంది. ఊరంతా అనుకుంది. ఒక సాయిబు కూడా నమ్మాడంటే హనుమంతరాయుడు పొంగిపోవాల్సిందే. నమ్మకంలో తేడా లేదు. పొడిలో తేడా లేదు.

“సామికి పూసేదానికి జాజు వాడుకోకూడదా?” అన్నాడు గఫూర్ నెమ్మదిగా. “ఎర్రగానే ఉంటాది. మన్నే గదా.”

“గోడలకి పూసేది తెచ్చి సామికి పూయమంటావా!” అంది నంజమ్మ. నోటికి అలవాటైన రోషం అది. దాని వెనక బలం లేదని ఇద్దరికీ తెలిసింది.

ఆమె సింధూరం అడగలేదు. అతను ఇవ్వలేదు. కర్పూరం పొట్లం మాత్రం తీసుకుని ఇంటిదారి పట్టింది.

*

పొద్దు వాలేటప్పటికి రామచంద్రప్ప ఇంకా తిన్నె మీదే ఉన్నాడు. నంజమ్మ వచ్చి ఆయన పక్కన కూర్చుంది. గఫూర్ అన్న మాటలు ఆయనకు చెప్పింది. దాచకుండా అంతా చెప్పింది. ఆయన విన్నాడు.

“నిజమే అయింటాదిలే” అన్నాడు చివరికి.

“ఏమయ్యా, అంత నిమ్మళంగా అంటివే?”

“ఇంగెట్ల అనమంటావు? రెండేండ్లుగా ఈ సెయ్యి వాలిపోయింటే, సామికి నా మీద యాలనో కోపమొచ్చింది అనుకుంటిని. ఏం తప్పు జేసినానా అని తడుముకుంటిని. ఉపాసాలుంటిని. నువ్వు సూస్తివి గదా. కోపమైతే కాళ్లు పట్టుకోవచ్చే నంజీ. పొడికి కాళ్లు యాడుండాయి?”

నంజమ్మ ఆయన వాలిన చేతిని తన చేతుల్లోకి తీసుకుంది. గోళ్ల సందుల్లో ఎర్రటి రంగు. ఎంత తోమినా పోని రంగు. తన గోళ్లలో కూడా అదే. పెళ్లైన కొత్తలో ఆ రంగు చూసుకుని మురిసిపోయేది. దేవుడి పని చేసే చేతులని అందరికీ తెలిసేట్టు ఉంటాయని.

ఇంట్లో నుంచి ముత్యాలు నవ్వు వినిపించింది. చాలా రోజుల తర్వాత వాడు నవ్వడం. ఇద్దరూ ఆ నవ్వు ఆగేదాకా విన్నారు.

“రేపు ఏం జేస్తావు?” అంది నంజమ్మ.

“తెలీదు.”

“నేనొకటి సెప్తా ఇను.” ఆమె గొంతు తగ్గించింది. దారి పొడుగునా ఆలోచించిన మాట ఇది. “ఉన్నట్టుండి ఉండలు పెట్టము అంటే ఊరు ఊరుకోదు. ఆ ధర్మకర్త గంగులప్ప అసలే నీ సెయ్యి సూసి ఇంగో పూజారిని వెతుకుతాండాడు. గుడి మాన్యం మీద ఆయప్ప కన్ను ఎప్పుటినుంచో ఉండాది. రేపు ఒక్క దినం పెడ్దాము. ఆవగింజంత. నాలిక్కి తగిలీ తగలనట్టు. వచ్చే శనివారం వెన్న దొరకలేదందాము. ఆ పై వారం తులసితీర్థం ఇస్తాము. మెల్లగా మరిసిపోతారు. ఎవురికీ ఏమీ సెప్పే పనిలేదు.”

“పాపమ్మకి?”

“ఆయమ్మకి అసలే సెప్పకూడదు. ఏమని సెప్తావు? నీ పెద్దోడిని మేమే...” మాట పూర్తి చెయ్యలేకపోయింది. “పోయినోడు ఎట్లా రాడు. ఇప్పుడు సెప్పి ఆయమ్మ కడుపు మళ్లా యాల కోయాల?”

రామచంద్రప్ప ఔననలేదు, కాదనలేదు. “ఊఁ” అన్నాడు. ఆ ఊఁకు అర్థం ఏమిటని నంజమ్మ అడగలేదు. తనకు కావలసిన అర్థం తను తీసుకుంది.

*

శనివారం పొద్దున్నే గుడి ముందు తల్లులు వరసగా కూర్చున్నారు. చంకలో పిల్లలు, కొంగున పూలు, టెంకాయలు. ధర్మకర్త గంగులప్ప తెల్ల పంచె, చలవ చొక్కా వేసుకుని, స్తంభానికి ఆనుకుని నిలబడి ఉన్నాడు. శనివారం పూజకు ఆయన రాకపోతే స్వామి లెక్కచెయ్యడేమో అన్నట్టుంటుంది ఆయన నిలబడే తీరు.

స్వామికి కొత్త సింధూరం పూయలేదు. “నూనె ఇంగా రాలేదు, సాయంత్రం పూస్తా” అన్నాడు రామచంద్రప్ప. ఎవరూ పట్టించుకోలేదు. గీరిన పాత సింధూరం ఉండలు పళ్లెంలో ఉన్నాయి. నంజమ్మే చేసింది. నిజంగానే ఆవగింజంత చేసింది. చేస్తున్నంతసేపూ మునిలక్ష్మి వంటింటి గుమ్మంలో నిలబడి చూసింది. ఆ చూపు భరించడం కన్నా తిట్లు తినడం మేలనిపించింది నంజమ్మకు.

ముందు ఇద్దరు పిల్లలు. ఒకడు దడుసుకున్నవాడు, ఒకతి పాలు మానినది. రామచంద్రప్ప ఎడమచేత్తో ఉండ తీసి, నాలుకకు తాకించీ తాకించనట్టు పెట్టాడు. నంజమ్మ వెంటనే కొంగుతో ఆ పిల్లల మూతులు తుడిచింది. ఇంతే కదా, ఏమీ కాదు, అని తనకు తాను చెప్పుకుంది.

తర్వాత పాపమ్మ.

అందరూ ఒకరి భుజం ఒకరికి తగిలేట్టు కూర్చుంటే ఆమె మాత్రం బారెడు దూరంలో, ఎండలో నిలబడి ఉంది. తన వంతు వచ్చాక కూడా మెట్టు ఎక్కలేదు. పిల్లను ముందుకు తోసి తను కిందే నిలబడింది. పిల్ల పేరు పూలమ్మ. రెండు జడలు, పొట్ట ముందుకు, కాళ్లు పుల్లల్లా.

“నొప్పి తగ్గలేదు సామీ” అంది పాపమ్మ. “పోయినసారి అమ్మ ఇచ్చిన పొట్లం అయిపోయింది. పొద్దునా మాపటా పెట్నాను. నేను శుద్ధంగానే ఉండాను సామీ. తలకి పోసుకునే వచ్చినాను. నేను ముట్టుకోలేదు, పుల్లతో పెట్నాను.”

పొట్లం సంగతి నంజమ్మ మరిచేపోయింది. దూరాభారం, రోజూ రావడం కష్టం పాపం అని, పోయిన శనివారం తనే కట్టి ఇచ్చింది.

“నోరు తెరువు తల్లీ” అన్నాడు రామచంద్రప్ప.

పిల్ల తెరవలేదు. ఇట్లాంటి మొండిపిల్లల గడ్డం పట్టుకుని నోరు తెరిపించడం నంజమ్మ పని. ఎన్నో శనివారాలుగా చేస్తున్న పని. అలవాటు కొద్దీ ఒక చెయ్యి గడ్డం కింద పెట్టి, బొటనవేలితో పై పెదవి ఎత్తింది.

చిగుళ్ల అంచున సన్నగా, నీలంగా ఒక గీత.

తను ఏం చేసిందో నంజమ్మకు చేసినాక గానీ తెలియలేదు. రామచంద్రప్ప చెయ్యి పిల్ల నోటి దాకా వచ్చింది. నంజమ్మ ఆ చేతిని కొట్టింది. ఉండ రాతి మెట్టు మీద పడింది.



“ఏందమ్మా అది?” గంగులప్ప స్తంభాన్ని వదిలి ముందుకు వచ్చాడు. “ప్రసాదాన్ని కొట్టి పారేస్తావా?”

నంజమ్మ పిల్లను దగ్గరికి లాక్కుంది.  రాత్రంతా కట్టుకున్న ఉపాయం, వెన్న, తులసితీర్థం, మెల్లగా మరిచిపోవడం, ఒక్కటీ నోటికి రాలేదు. నిజం మాత్రమే వచ్చింది.

“ఇది పెట్టొద్దు పాపమ్మా. ఇంట్లో ఏమన్నా మిగిలుంటే మన్నులో పూడ్సేయ్. బిడ్డని ఈ పొద్దే మదనపల్లె ఆసుపత్రికి తీసకపో. నా మనవడికీ ఇదే వచ్చింది. ఇట్లే గీత వచ్చింది. సింధూరంలో సీసముండాదంట. పైపులకి పూసేది ఇదేనంట. మాకు తెలీదమ్మా. నీ మీదొట్టు, మాకు తెలీదు.”

తల్లులు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. ఒకామె ఇప్పుడే ఉండ తిన్న తన బిడ్డ నోట్లో వేలు పెట్టి తుడవడం మొదలుపెట్టింది.

  పాపమ్మ నంజమ్మ మొహంలోకి చూసింది. తర్వాత రామచంద్రప్ప వైపు తిరిగింది.

“అయితే నా పెద్దోడు?”

రామచంద్రప్ప తల దించుకున్నాడు.

“నా అంటు వల్ల కాదా సామీ?”

ఇంతమంది ముందు ఆ ప్రశ్నకు జవాబు చెప్పాలంటే ఎంత ధైర్యం కావాలో నంజమ్మకు తెలుసు. చెప్పవద్దని చూపులతోనే బతిమాలింది. ఆయన ఆమె వైపు చూడలేదు. వాలిపోయిన కుడిచేతిని ఎడమచేత్తో పైకెత్తి పాపమ్మకు చూపించాడు.

“కాదమ్మా. ఇది సూడు. నాకేం అంటు? దినామూ స్నానం జేసి సామిని ముట్టుకునేవాడిని. నాకే ఇట్లయింది. నీ తప్పేమీ లేదు. నేను తెలీక అంటిని. తప్పు నాది.”

 పాపమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. కాసేపటికి ఆ కొంగు తీసి, మెల్లగా, ఒక్కొక్క మాటే పేర్చినట్టు అంది.

“ఈ మాట మా ఇంటికొచ్చి సెప్పు సామీ. నేను సెప్తే నమ్మరు. నువ్వంటివి కాబట్టే నన్ను కొట్టంలో పెట్నారు. మా అత్త ముందర, మా ఆయప్ప ముందర, నువ్వే వచ్చి అను.”

“సాల్లే!” అన్నాడు గంగులప్ప. “రామచంద్రప్పా, ఈ ఆడోళ్ల మాటలకు శనివారం పూజ నిలబెట్టేస్తావా? డాక్టర్లు నూరు సెప్తారు. హారతి ఇయ్యి. ఊరూరా తిరిగి మన గుడి పరువు తియ్యాలని ఉంటే ఇప్పుడే సెప్పు. ఈ మెట్టు దిగినావంటే మళ్లా ఎక్కే పనిలేదు.”

రామచంద్రప్ప లోపలికి తిరిగి స్వామి వైపు ఒకసారి చూశాడు. ఏం మొక్కుకున్నాడో ఏమో, పెదవులు కదిలాయి. తర్వాత సింధూరం పళ్లెం తీసి గర్భగుడి గడప లోపల పెట్టి, బయటికి వచ్చాడు.

“నంజీ, నా సెప్పులు యాడుండాయి?”

చెప్పులు గుడి పక్కనే ఉన్న తమ ఇంటి గుమ్మం దగ్గర ఉన్నాయి. నంజమ్మకు తెలుసు. తెచ్చి ఇస్తే ఆ గుమ్మం తమది కాకుండా పోతుందనీ తెలుసు. ఇల్లు గుడిది. మాన్యం గుడిది. కుప్పంలో కొడుకు ఉండేది రైల్వే వాళ్ల ఇరుకు గది. చెయ్యి వాలిన మనిషిని, ఇంకా పూర్తిగా కోలుకోని పిల్లవాడిని పెట్టుకుని ఎక్కడికి పోవాలి?

ఆమె లేవలేదు.

“నేను తెస్తా మామా” అంది మునిలక్ష్మి వెనక నుంచి. ఎప్పుడు వచ్చిందో, చంకలో ముత్యాలుతో నిలబడి ఉంది.

“నువ్వుండు మునీ.”

నంజమ్మ మోకాళ్ల మీద చేతులు ఊని లేచింది. మెట్లు దిగింది. ఇంటివైపు నాలుగడుగులు వేసిందో లేదో గంగులప్ప గొంతు వెంటపడింది.

“నంజమ్మా, బాగా ఆలోసించుకో. ఆ సెప్పులు తెస్తే అందరూ ఆట్నుంచి ఆట్నే పోండి.”

ఆమె ఆగింది. వెనక్కి తిరిగి చూసింది. మెట్టు మీద భర్త. స్తంభం దగ్గర గంగులప్ప. కూర్చున్న తల్లులందరూ లేచి, ఒకరినొకరు ఆనుకుని, గుంపుగా నిలబడి ఉన్నారు. ఆ గుంపుకు బారెడు దూరంలో, ఎండలో, పిల్ల చెయ్యి పట్టుకుని పాపమ్మ. నీ తప్పేమీ లేదని ఇప్పుడే పూజారి నోటి వెంట విన్న మనిషి, ఇంకా ఎవరికీ తగలకుండా ఒదిగి ఒదిగి నిలబడి ఉంది.

నంజమ్మ ఇంటివైపు నడిచింది.